రక్షణ యెవరినుండి?

దిల్‌సుఖ్‌నగరు సందులలో ఇరుకు మెట్లెక్కి చేరవలసిన పఠనమందిరములు పెక్కు గలవు. నల్లగొండ నుండి, పాలమూరు నుండి, ఖమ్మము నుండి వచ్చిన యువకులు నెలకింతయని రుసుము చెల్లించి, చెక్కపలకలతో వేఱుచేసిన యరలలో కూర్చుండి, సర్కారు కొలువుల పరీక్షలకై అర్ధరాత్రి వఱకు చదువుచుందురు. వారి చేతిపుస్తకములలో ఒక బిట్టు తప్పక యుండును. సైన్యసహకార పద్ధతిలో వెల్లస్లీతో మొదట సంధి చేసికొన్న స్వదేశప్రభువెవరు? హైదరాబాదు నిజాము, 1798. ఒక్క మార్కు. జవాబు గుర్తుపెట్టి యువకుడు పుట త్రిప్పును. ఆ సంధి కాగితము మీదినుండి నేల మీదికి దిగిన చోటు తాను కూర్చున్న కుర్చీకి కూతవేటు దూరముననే యున్నదని అతనికి చెప్పువారు లేరు.

మలకపేట దాటి తూర్పునకు పోవు మెట్రో రైలులో కూర్చున్నవాడు మూసారాంబాగు, దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, విక్టోరియా మెమోరియలు, ఎల్.బి. నగరు అను పేర్లు వరుసగా వినును. 2018 సెప్టెంబరులో ఈ దారి తెఱచినది మొదలు వినుచునే యున్నాడు. మూసారాముడు అయోధ్య రాముడు గాడు. ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండు పేరు మనవారి నాలుకపై బడి హిందువులకు మూసారాముడు, ముసల్మానులకు మూసారహీము అయినది. అస్మాన్‌గఢ్ మిట్టపై అతని సమాధి నల్లరాతి స్తంభముతో నేటికిని నిలిచియున్నది. విక్టోరియా యనగా సముద్రముల కావలినుండి మన దేశము నేలిన రాణి. ఎల్.బి. యనగా లాల్ బహదూరు. పెద్దరాజ్యమునకును దాని నీడలో బ్రదుకు చిన్నరాజ్యమునకును గల సంబంధమును గూర్చి తెలిసికొనగోరువారు ఈ మూడు పేర్ల నడుమ ఒకసారి నడచిన చాలును.

ఈ సంబంధమును గూర్చి మన పట్టణములో రెండు వాదములు వినబడుచున్నవి. హైదరాబాదు రాజ్యము తెల్లవాని పాలన యెఱుగదనియు, నిజాము ఆంగ్లేయునికి మిత్రుడే గాని బంటు గాడనియు ఒకటి. నిజాము పాపము ఆంగ్లేయుని చేతి కీలుబొమ్మ, ప్రజలు పడిన బాధలకు అతడేమి చేయగలడని మఱియొకటి. మొదటివారు బిరుదులు చూచి మోసపోయిరి. రెండవవారు ప్రభువును చూచి జాలిపడి ప్రజలను మఱచిరి. ఉపగ్రహరాజ్యమును అంచనా కట్టుటకు మేము ఒక్క ప్రశ్ననే అడుగుదుము. పెద్దరాజ్యము చిన్నదానికి రక్షణ యిచ్చుచున్నదన్నప్పుడు, ఆ రక్షణ యెవరినుండి?

1795 మార్చిలో ఖర్డా యుద్ధమున మరాఠాలు నిజాము అలీఖానును చిత్తుగ నోడించిరి. అప్పటికే ఆంగ్లేయుల పటాలములు రెండు నిజాము జీతముపై నుండెను. ఆపద వచ్చినప్పుడు అవి కదలలేదు. మరాఠాలు మాకు మిత్రులు, వారిపై మీకు తోడు రాలేమని గవర్నరు జనరలు సర్ జాన్ షోరు తటస్థుడై యూరకుండెను. మంత్రి అరిస్తూజా జామీనుగా పూనాకు పోవలసివచ్చెను. కోపగించి నిజాము ఆ పటాలములను పంపివేసి రేమండు దళమును పెంచసాగెను. ఇంతలో ఆ యేడే కుమారుడు అలీజా తిరుగబడగా, పంపివేసిన ఆంగ్లేయ పటాలములనే నిజాము మరల పిలిపించెను. అవి వెంటనే వచ్చినవి. రేమండే ముందుగా పోయి అలీజాను పట్టుకొనుటచేత వాటికి పనిలేకపోయినది గాని, పాఠకులు ఈ రెండు సంగతులను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మరాఠాలు మీదబడినప్పుడు రాని పటాలములు ఇంటిలో కుమారుడు తిరుగబడినప్పుడు వచ్చెను. తరువాతి నూటయేబది యేండ్ల కథ యంతయు ఇందులోనే యిమిడియున్నది.

రేమండు 1798 మార్చి 25న మరణించెను. అతని దళము పదునాలుగు వేలని లెక్క. అప్పటికి పూనా చెఱనుండి తిరిగి వచ్చియున్న అరిస్తూజా ఆంగ్లేయుల వైపు మొగ్గెను. ఈ ప్రక్కనున్న సరూర్‌నగరు అతని భార్య పేర వెలసినదని చెప్పుదురు. సెప్టెంబరు 1న సంధి కుదిరెను. ఆఱువేల మంది కంపెనీ సిపాయిలు నిజాము రాజ్యమున నుందురు. వారి వ్యయమునకై నిజాము ఏటేట 24,17,100 రూపాయలు చెల్లించును. ఫ్రెంచివారిని వెడలగొట్టవలెను. అక్టోబరులో ఆ ఫ్రెంచి దళమునకు జీతములు బకాయి పడినవి. సిపాయిలు ఆగ్రహించి తమ దొరలనే పట్టి కట్టడిలో నుంచిరి. అదే అదనుగా కెప్టెను కిర్క్‌పాట్రిక్కు, కర్నలు రాబర్ట్సు సేనలతో విడిదిని చుట్టుముట్టి, 22వ తేదీన ఒక్క నెత్తురుబొట్టు చిందకుండ ఆయుధములు దింపించిరి. చరిత్రకారులు దీనిని గొప్ప విజయముగా వర్ణింతురు. మాకు మాత్రము ఆనాడు జీతపు డబ్బులకై కేకలు వేసిన సిపాయిలే కన్నుల గట్టుచున్నారు. తమ బకాయి అడుగబోయి రాజ్యము చేయి మాఱుట చూచినవారు వారు. వారి పేర్లు ఏ రాతిమీదను లేవు.

మఱుసటి యేడు శ్రీరంగపట్టణము పడిపోయెను. టిప్పు రాజ్యములో కొంత భాగము నిజామునకు వచ్చెను. ఆ సంతోషము పదునెనిమిది నెలలు నిలువలేదు. 1800 అక్టోబరు 12నాటి సంధిలో పటాలముల సంఖ్య పెరిగినది, వ్యయమును పెరిగినది. ఏటేట రొక్కము చెల్లించు బాధ యెందుకు, భూమియే యిచ్చివేయుమనిరి. 1792లోను 1799లోను మైసూరునుండి వచ్చిన సీమలన్నియు, బళ్ళారి, అనంతపురము, కడప, కర్నూలు ప్రాంతములతో గూడ, కంపెనీ వశమయ్యెను. వాటికి దత్తమండలములని పేరు పెట్టిరి. దత్తము చేసినవాడు ఆ మండలముల రైతును అడుగలేదు, పుచ్చుకొన్నవాడును అడుగలేదు. ఆ యవమానపు పేరు పోగొట్టి రాయలసీమ యని పిలుచుకొనుటకు 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు పూనుకొనవలసి వచ్చినది. అంతకుముందు 1766 సంధిలో ఉత్తర సర్కారులు ఏటికింతయను పేష్కషునకు కంపెనీపరమై యుండెను. ఇట్లు తెలుగునేల మూడుచెక్కలైనది. తమలో తాము పోరాడి తెలుగువారు విడిపోయిరని నేడును కొందఱు వ్రాయుచుందురు. ఆ మూడు చెక్కల గీతలు గీచినది సంధిపత్రములపై వ్రాసిన కలములు.

రక్షకసేన విడిసిన చోటు 1806లో నిజాము సికిందర్ జా పేర సికింద్రాబాదు అయినది. కాపలావాని గుడిసెకు యజమాని పేరు పెట్టుట మర్యాదయే గదా! అటుపిమ్మట వచ్చినది కంటిన్‌జెంటు. యుద్ధకాలమున నిజాము పదునైదు వేల సేనతో తోడ్పడవలెనని 1800 సంధిలో నున్నది. యుద్ధము లేనప్పుడు సేనను పోషింపవలెనని అందులో లేదు. అయినను రెసిడెంటు హెన్రీ రస్సెలు ఆంగ్లేయ దొరల చేతిక్రింద ఒక సేనను కూర్చి, దాని వ్యయమును నిజాము ఖజానాపై వేసెను. చందూలాలు దివానుగిరిలో ఆ సేన జీతములకై పామరు కంపెనీ యను వడ్డీవ్యాపారుల యొద్ద అప్పు చేసిరి. అందు భాగస్థుడైన సర్ విలియం రంబోల్డు గవర్నరు జనరలు హేస్టింగ్సు పెంచిన పడుచును పెండ్లియాడినవాడు. అప్పు తీర్చుటకు 1823లో ఉత్తర సర్కారుల పేష్కషు హక్కును శాశ్వతముగ విడిచిపెట్టవలసి వచ్చినది. సేన ఆంగ్లేయునిది, దొరలు ఆంగ్లేయులు, అప్పిచ్చినవాడు ఆంగ్లేయుడు, తీర్పరియు ఆంగ్లేయుడే. కట్టినవాడు మెదకులోను ఇందూరులోను నాగలి పట్టిన రైతు.

ఈ సేన యేమి చేసెను? సరిహద్దులలో కాచినదా? తఱుచుగా అది రాజ్యములోపలనే తిరిగెను. శిస్తు కట్టక మొండికెత్తిన జమీందారుల గడీలపైకి, తిరుగబడిన గ్రామముల పైకి పోయెను. దత్తమండలములకు మొదటి కలెక్టరై ఏడేండ్లు మన పల్లెలలో గుఱ్ఱముపై తిరిగిన థామస్ మన్రో దీని లోగుట్టు గ్రహించెను. 1817లో అతడు గవర్నరు జనరలునకు వ్రాసిన లేఖ మన యువకుల బిట్టుపుస్తకములలో చేర్పదగినది. చెడుపాలనకు ఈ దేశములో మందులుండెను, కోటలో చాటుగ జరుగు మార్పు, ప్రజల తిరుగుబాటు, లేదా పరరాజుల దండయాత్ర. మన పటాలములు అక్కడ నున్నంతకాలము వీటిలో దేనికిని తావు లేదు. ప్రభువు తన క్షేమమునకు పరాయివారిని నమ్ముకొని సోమరియగును, ప్రజల ద్వేషమునకు భయపడ నక్కఱలేదని తెలిసి క్రూరుడును లోభియు నగును. ఆ లేఖ సారాంశమిది. కంపెనీ ఉద్యోగి, తరువాత మద్రాసు గవర్నరు అయినవాడు ఈ మాట వ్రాసెను. కీలుబొమ్మ వాదము చేయువారు దీనిని రెండుమారులు చదువవలెను. ప్రభువునకు బలము తగ్గలేదు. భయము తగ్గినది. ఆ రెంటికిని చాల భేదము గలదు.

1853లో బాకీ నలుబది లక్షలు దాటెనని డల్హౌసీ పద్దు చూపెను. కంటిన్‌జెంటును పోషింపుమని 1800 సంధి నిజామును నిర్బంధింపలేదని తన మంత్రణపత్రములో తానే ఒప్పుకొనెను. ఒప్పుకొని మే 21న బీరారును, రాయచూరు అంతర్వేదిని, ధారాశివమును పుచ్చుకొనెను. నాసిరుద్దౌలా తాను చేయగలిగినంత కాలము పెనగులాడిన సంగతి నిజమే. ఆ మాత్రము గౌరవము అతనికీయవలెను. నాలుగేండ్లకు 1857 వచ్చెను. జూలై 17న తుర్రెబాజుఖాను, మౌల్వీ అల్లావుద్దీను వందలమందితో కోఠీలోని రెసిడెన్సీ మీదికి నడచిరి. దివాను సాలారుజంగు ఆంగ్లేయుల పక్షమున నిలచెను. తుర్రెబాజును తరువాత కాల్చి చంపి శవమును నడివీథిలో వ్రేలాడదీసిరి. మౌల్వీని అండమానులకు పంపిరి. 1860లో నిజామునకు రాయచూరు, ధారాశివము తిరిగి వచ్చినవి, యేబది లక్షల బాకీ మాఫీ అయినది. తన నగరములో తన ప్రజలు పరాయివాని కోటపై పడినందుకు వారిని అణచి, ప్రతిఫలముగ తన నేలనే బహుమతిగా పుచ్చుకొనుట! బీరారు మాత్రము రాలేదు. అంత సేవ చేసిన సాలారుజంగు బీరారుకై జీవితాంతము అర్జీలు పెట్టెను, 1876లో ఇంగ్లండునకును పోయెను. ఉత్తచేతులతో తిరిగివచ్చెను.

1902లో కర్జను ఆ వ్యవహారము ముగించెను. బీరారు నిజాముదే, కాని ఏటికి 25 లక్షలకు శాశ్వతముగ కౌలు. కాలము తీరని కౌలు ఎట్టిదో చట్టము చదివినవారు మాకు చెప్పవలెను. విక్టోరియా రాణి అంతకుముందటి యేడే మరణించియుండెను. ఇంచుమించు ఆ రోజులలోనే ఆరవ నిజాము మహబూబు అలీఖాను సరూర్‌నగరు చెంతనున్న తన మహలును ఆమె పేర అనాథ శరణాలయమున కిచ్చెను. నేడు మెట్రో స్టేషనుకు పేరిచ్చినది ఆ భవనమే. దిక్కులేని పిల్లలకు నీడ దొరకినందుకు మాకు సంతోషమే. ఆ పిల్లలలో పెక్కుమంది తలిదండ్రులను పోగొట్టిన కఱవులు, కలరాలు ఏ పాలనలో వచ్చినవో, ఆ దానమున కెవరి పేరు పెట్టిరో అదియే మా మనస్సున గ్రుచ్చుకొనుచున్నది.

1918లో ఏడవ నిజాము ఉస్మాను అలీఖానునకు యారెవఫాదారు, అనగా బ్రిటిషు ప్రభుత్వమునకు విశ్వాసపాత్రుడైన మిత్రుడు, అను బిరుదు దొరకినది. ఆ మిత్రశబ్దము నమ్మి యాతడు బీరారు విషయమై సమానునితో మాటాడినట్లు వ్రాయగా, 1926 మార్చి 27న వైస్రాయి రీడింగు బదులిచ్చెను. బ్రిటిషు కిరీటమే ఈ దేశమున సర్వాధికారి, ఏ స్వదేశప్రభువును దానితో సమానుడనని వాదింప తగదు, ఇదియే దాని తాత్పర్యము. మిత్రుడే గాని బంటు గాడనువారికి ఇంతకుమించిన సమాధానము మేమెందుకు చెప్పవలెను? పదేండ్లకు, 1936లో, కుమారునికి బీరారు యువరాజను పేరు మాత్రము దక్కినది.

ఇక ప్రజల వైపు. రాజ్యములో ఇంచుమించు పదింట మూడు పాళ్ళు జాగీరులు, ఒక పాలు నిజాము సొంత ఖర్చుల సర్ఫెఖాసు. ఈ సరూర్‌నగరు పల్లెలును సర్ఫెఖాసులోనివే. వెట్టి చేయువానికి కూలి లేదు. గస్తీ నిశాను 53 ప్రకారము సభ పెట్టుకొనుటకు సర్కారు అనుమతి కావలెను. మాతృభాషలో బడి పెట్టుటయు, గ్రంథాలయము తెఱచుటయు అనుమానింపదగిన పనులాయెను. అందుచేతనే మనవారు పఠనమందిరములనే కోటలుగ జేసికొనిరి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగినది. 1938లో స్టేటు కాంగ్రెసు పుట్టకముందే నిషేధింపబడినది. ఇంత ధైర్యము ప్రభువునకు ఎక్కడిది? బొల్లారములోను తిరుమలగిరిలోను దండు విడిసియున్నది గదా. జోగిపేటలో ఎవరేమనుకొన్నను అతనికేమి?

దండు పోయిన నాడు ఏమి జరిగెనో చూడుడు. 1947 ఆగస్టు 15న రక్షకుడు ఓడ యెక్కెను. తరతరములుగా ప్రజలతో అవసరము లేక బ్రదికిన రాజ్యము అప్పుడును ప్రజల వైపు తిరుగలేదు. మఱియొక రక్షకునికై వెదకెను. లండను న్యాయవాది వాల్టరు మాంక్టనును పిలిచెను, పాకిస్తానుకు ఇరువది కోట్ల ఋణపత్రము లిచ్చెను, సిడ్నీ కాటను విమానములలో తుపాకులు తెప్పించెను, ఐక్యరాజ్యసమితి తలుపు తట్టెను, ఇంటిలో రజాకార్లను ప్రజలపై విడిచెను. 1948 సెప్టెంబరు 13న భారతసేనలు షోలాపురము వైపునుండియు, ఈ విజయవాడ బాటమీదుగను కదలినవి. 17వ తేదీకి అంతయు ముగిసినది. అయిదు దినములు! ఇంగ్లండు కన్న పెద్దదని చెప్పుకొన్న రాజ్యము అయిదు దినములు నిలువలేదు.

ఇచ్చట మా పక్షమువారికి రుచింపని మాటయు ఒకటి చెప్పవలెను. ప్రశ్న ఒకరికి పెట్టి మఱియొకరికి పెట్టకుండుట న్యాయము గాదు. ఆ సెప్టెంబరు తరువాత ఏ పాపము నెఱుగని ముస్లిము కుటుంబములు పెక్కు జిల్లాలలో హతమైనవి. దానిని విచారించిన పండిత సుందరలాలు సంఘపు నివేదిక దశాబ్దులపాటు వెలుగు చూడలేదు. భూమికై పోరాడిన తెలంగాణ రైతులపై సైన్యము 1951 వఱకు నడచినది. నిజామో? 1950 నుండి 1956 వఱకు రాజప్రముఖుడు, ఏటికి 50 లక్షల రాజభరణము. జెండా మాఱిన తరువాతను రక్షణ మొదట చేరినది కింగుకోఠీకే. అడిగినవారిని దేశద్రోహులనిరి. మేము నేడును అడుగుచున్నాము.

ఈ కథ హైదరాబాదు సొంతము గాదు. బీరారు కౌలు జరిగిన మఱుసటి యేడు, 1903లో, అమెరికా క్యూబాకు స్వాతంత్ర్యము సంపాదించి యిచ్చినందుకు గ్వాంటానమో రేవును కౌలునకు పుచ్చుకొన్నది. ఇరువురును ఒప్పుకొన్నగాని ఆ కౌలు రద్దు గాదు. నేటికిని రద్దు గాలేదు. సింహళములో చైనా అప్పుతో కట్టిన హంబన్‌టోట రేవు 2017లో 99 ఏండ్ల కౌలునకు చైనా కంపెనీ చేతికే పోయినది. ఆ కౌలుకు కారణము చైనా బాకీ యొక్కటే గాదని అర్థశాస్త్రజ్ఞులు వాదింతురు, వాదింపనిండు. పామరు కంపెనీ పద్దు చదివిన తెలుగువానికి ఆ దారి క్రొత్తగా తోపదు. 1968 ఆగస్టులో సోవియటు ట్యాంకులు ప్రాగు నగరమున ప్రవేశించినప్పుడు, చెకొస్లొవేకియా నాయకులు కొందఱు రహస్యముగ వ్రాసిన ఆహ్వానలేఖ వారి చేతిలో నుండెను. ఆ లేఖ వ్రాసినవారు జర్మనీకి భయపడి వ్రాయలేదు, తమ ప్రజలకు భయపడి వ్రాసిరి. 1989లో మాస్కో ఇక ట్యాంకులు పంపదని తేలినతోడనే తూర్పు యూరోపు ప్రభుత్వములు నెలల వ్యవధిలో ఒకదాని వెనుక నొకటి కూలినవి. 2021లో అమెరికా సేనలు వెడలుచుండగానే, ఇరువది యేండ్లు వారి డబ్బుతో పెరిగిన కాబూలు ప్రభుత్వము ఆగస్టు 15న అంతరించినది, అధ్యక్షుడు విమానమెక్కి పోయెను. తిథి కాకతాళీయమే గాని మనకు గుర్తుండుటకు బాగున్నది.

చిన్నరాజ్యము బలహీనమైనది, ఎవరో ఒకరి నీడ లేక బ్రదుకలేదని కొందఱు పెద్దలు మాతో వాదింతురు. ఒక ప్రక్క మరాఠాలు, ఒక ప్రక్క టిప్పు నుండగా నిజాము అలీ ఏమి చేయగలడు? వాదములో బలమున్నది. బలహీనుడు పొత్తు కలుపుకొనుట తప్పని మేము చెప్పలేదు. భూటానుకు 1949లో మనతో జరిగిన సంధిలో పరరాష్ట్ర వ్యవహారములందు మన సలహా ననుసరించుటకు ఆ దేశము ఒప్పుకొన్నది. ఆంగ్లేయుడు 1910లో వ్రాయించుకొన్న షరతునే స్వతంత్ర భారతము మరల వ్రాయించుకొన్నది. అది మనకు గౌరవము గాదు. 2007లో దానిని మార్చి సమానుల మాటగ తిరుగ వ్రాసితిమి. యేబది యెనిమిది యేండ్లు పట్టినది. మన పెద్దతనమునకు నేడు జడియు పొరుగువారు మనలను గూర్చి ఇదే ప్రశ్న వేసినచో, కోపపడక జవాబు చెప్పుటకు మనము సిద్ధముగ నుండవలెను. అయినను భూటానులో మన దండు పోయి అచటి రైతునొద్ద శిస్తు వసూలు చేయలేదు. పొత్తునకును పాలేరుతనమునకును సరిహద్దు ఆ చోట నున్నది.

బాట చివర మూడవ పేరు. 1965లో మన దేశమునకు అన్నము లేదు. పి.ఎల్. 480 క్రింద అమెరికా గోధుమలు ఓడలలో వచ్చుచుండెను. ప్రధాని లాల్ బహదూరు శాస్త్రి ఉత్తర వియత్నాముపై బాంబులు వేయుట మానుడని పలికెను. ఆ ఏప్రిలులో ఆయన వాషింగ్టను ప్రయాణమును అధ్యక్షుడు జాన్సను వాయిదా వేసెను. గోధుమల ఒప్పందము ఏండ్ల తరబడి గాక నెలల లెక్కకు దిగినది. ఓడ వెంట ఓడకు ఢిల్లీ ఎదురుచూడవలసి వచ్చినది. పాకిస్తానుతో యుద్ధమును ఆ యేడే. అప్పుడు ఆ పొట్టిమనిషి ప్రజలను వారమున కొకపూట భోజనము మానుడని యడిగెను. దేశమున ఎన్నో యిండ్లలో సోమవారపు రాత్రులు పొయ్యి రాజలేదు. హోటళ్ళు తలుపులు మూసినవి. గోధుమ మానితే ఎంత మిగిలినదను లెక్క మేము వేయము. పరాయివాని యెదుట తలవంచవలసిన గడియలో ఒక ప్రభువు తన ప్రజల వైపు తిరిగి చేయి చాచెను. నిజాములు 1798 నుండి 1948 వఱకు ఒక్కనాడును చేయని పని అది.

శాస్త్రి ఆ పరీక్షలో పూర్తిగ నెగ్గెననియు మేము చెప్పలేము. 1966 జనవరి 11న ఆయన తాష్కెంటులో, మఱియొక మహారాజ్యపు నట్టింటిలో, సంధిపై చేవ్రాలు చేసిన మఱునాడే కన్నుమూసెను. ఆ జూన్ 6న అప్పిచ్చువారి ఒత్తిడిచే రూపాయి విలువ తగ్గింపబడినది. డాలరునకు 4.76 రూపాయలున్నది 7.50 అయినది. అదే యేడు మెక్సికోనుండి పదునెనిమిది వేల టన్నుల గోధుమ విత్తనము తెచ్చి మన పొలములలో చల్లిరి. ఓడలకు ఎదురుచూపు తగ్గుటకు ఇంకను కొన్నేండ్లు పట్టినది.

ఎల్.బి. నగరు స్టేషను పలకపై ఇప్పుడు రెండు పొడియక్షరములే మిగిలినవి. విజయవాడ బస్సులు పట్టుకొనుటకై అచట దినదినము దిగి పరుగెత్తువారిలో ఎందఱికి ఆ యక్షరముల వెనుకనున్న పూర్తిపేరు తెలియునో, సోమవారపు ఉపవాసము ఏ బిట్టుపుస్తకములో నున్నదో, దిల్‌సుఖ్‌నగరు పఠనమందిరముల యువకులనే అడుగవలెను.